కఠినమైన మాటను కరుణతో చెప్పడం నేర్పిన రోవీనా స్టెన్‌బెర్గ్ గారు

1988 సెప్టెంబరు ఆరవ తేదీ మంగళవారం ఉదయం, మోంటానా రాష్ట్ర రాజధాని హెలెనా నగరంలోని మన కార్యాలయపు రెండవ అంతస్తులో, గ్రాంట్ల విభాగంలో సహాయకురాలిగా శ్రీమతి రోవీనా స్టెన్‌బెర్గ్ గారు బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఏడేళ్లు. లైల్ స్టెన్‌బెర్గ్ గారితో వివాహమై రెండేళ్లు. ఆమెకు కేటాయించిన బల్ల పక్కనున్న కిటికీ సరిగా మూసుకునేది కాదనీ, తొలి శీతకాలమంతా వేళ్లు కత్తిరించిన ఉన్ని తొడుగులు వేసుకుని ఆమె టైపు చేశారనీ ఆనాటి వారిలో మిగిలిన కొద్దిమంది ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

వాషింగ్టన్ నుంచి వచ్చే నిధులకు రాష్ట్రపు వాటా జోడించి, మోంటానా కౌంటీలలోని, అంటే జిల్లాలలోని, పోలీసు అధిపతులైన షెరీఫులకు, న్యాయస్థానాలకు, చిన్న చిన్న జైళ్లకు, బాధితుల సహాయకులకు అందజేయడం, వారి సిబ్బందికి శిక్షణ ఇప్పించడం మన విభాగపు ధర్మం. ఆ ధర్మాన్ని చాలామంది బల్ల దగ్గర కూర్చుని నిర్వర్తించే రోజులవి. రోవీనా గారికి మాత్రం అది చాలలేదు. దరఖాస్తులో పోలీసు రేడియో అని రాసి ఉంటే, ఆ రేడియో ఏ కొండ వెనక మూగబోతుందో తానే వెళ్లి చూసి రావాలని ఆమె పట్టుదల. ముగ్గురే మనుషులు ఒక చిన్న రాజ్యమంత నేలను కాపాడుతున్న కౌంటీలలో, ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్న షెరీఫే జైలులో వంట కూడా చేసే ఊళ్లలో, ఆమె పాత ఫోర్డు కారు ఎరుగని మలుపు లేదు. తాము అడగడానికి మొహమాటపడినది ఆవిడే గ్రహించి రాసిపెట్టేవారని ఎందరో షెరీఫులు కృతజ్ఞతతో తలచుకునేవారు. కోల్టర్ కౌంటీ షెరీఫ్ ఎమ్మెట్ డ్రిస్కాల్ గారు మాత్రం ఆ కృతజ్ఞతను ఎన్నడూ సూటిగా వెల్లడించలేదు.

1993 అక్టోబరులో, కొత్త రేడియోల పనితీరు చూడటానికి రోవీనా గారు కోల్టర్ కౌంటీకి వెళ్లినప్పుడు, ఆయన కాళ్లు బల్ల మీద చాచి, టోపీ మొహం మీదకు దించుకుని కూర్చున్నారు.

"అమ్మాయ్, మీ రేడియోలు బాగానే ఉన్నాయి. వాటితో పంపిన ఫారాలున్నాయే, అవి నా జైల్లో పట్టడం లేదు."

"జైలు పెద్దది కట్టుకోవచ్చు షెరీఫ్ గారూ. దానికీ ఒక ఫారం ఉంది."

ఆయన టోపీ కింద నుంచి నవ్వు వినిపించింది. అంతలోనే, ఆ కొత్త రేడియోలోనే, వార్త వచ్చింది. గులకరాళ్ల రోడ్డు మీద ఒక పికప్ బండి బోల్తా పడింది. నడుపుతున్న రస్ డఫీ అనే ఇరవై రెండేళ్ల యువకుడు అక్కడికక్కడే మరణించాడు. డ్రిస్కాల్ గారు ప్రమాదస్థలానికి వెళ్లి, చూసి, దేహాన్ని పట్టణంలోని ఆసుపత్రికి తరలించి తిరిగి వచ్చేసరికి ఆయన బూట్లకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఆయన కింద పనిచేసే డిప్యూటీలిద్దరూ రోడ్డు మీదే ఉండిపోయారు.

"వాళ్లమ్మకి చెప్పాలి. ఐలీన్ ఒక్కతే ఉంటుంది. ఆడమనిషి పక్కనుంటే బావుంటుంది. వస్తావా?" అని ఆయన అడిగారు. రోవీనా గారు కోటు తీసుకుని వెంట నడిచారు.

ఐలీన్ డఫీ గారు చేతిలో బంగాళదుంపలు ఒలిచే కత్తితోనే తలుపు తీశారు.

"ఈ ఏడు మీకు గడ్డి మూడో కోత కూడా వచ్చిందట కదా ఐలీన్" అన్నారు షెరీఫ్ గారు.

"వచ్చింది. మా రస్ ఒక్కడే కోశాడు. చలిలో నిలబడ్డావేం ఎమ్మెట్, లోపలికి రా. ఈ అమ్మాయెవరు?"

లోపలికి వెళ్లారు. కాఫీ వచ్చింది. డ్రిస్కాల్ గారు పశువుల ధరల గురించి మాట్లాడారు, చర్చి పైకప్పు మరమ్మతు గురించి మాట్లాడారు. టోపీని మోకాలి మీద తిప్పుతూనే ఉన్నారు. ఎట్టకేలకు, "రస్‌కి యాక్సిడెంటయింది ఐలీన్. పరిస్థితి... అంత బాగాలేదు" అన్నారు. మిగిలిన మాట ఆయన నోట రాలేదు. ఆ తల్లి కాఫీ కప్పు అక్కడే వదిలేసి, కోటు తగిలించుకుని, కారు దగ్గరికి అప్పటికే పరుగు తీసింది.

ఆసుపత్రి నలభై మైళ్లు. వెనక సీటులో కూర్చున్న రోవీనా గారికి ఆ దారి జీవితాంతం మరపురాలేదు. ముందు సీటులోని తల్లి మాట ఆపలేదు.

"కాలు విరిగిందా? విరిగితే విరిగింది. పోయినసారి చెయ్యి విరిగినప్పుడు వాణ్ణి వారం కూడా కూర్చోబెట్టలేకపోయాను." కొంతదూరం పోయాక, "వాడికి ఆసుపత్రి తిండి పడదు. కాస్త ఆగి బార్లీ సూప్ కాచి పట్టుకొస్తే బావుండేది. కాస్త తొందరగా పోనీ ఎమ్మెట్."

డ్రిస్కాల్ గారు తొందరగా పోనివ్వలేదు. ఆయన మెడ వెనుక భాగం కందగడ్డలా ఎర్రబడటం రోవీనా గారు చూస్తూనే ఉన్నారు. చెప్పే హక్కు తనది కాదు. చెప్పవలసినవారికి చెప్పడం చేతకావడం లేదు. ఆసుపత్రి నడవాలో ఎదురైన నర్సు "చాలా బాధగా ఉందమ్మా, మీ అబ్బాయి..." అని మొదలుపెట్టి, ఆ తల్లి మొహం చూసి, "మీకు చెప్పలేదా?" అని ఆగిపోయింది. ఐలీన్ గారు తల తిప్పి షెరీఫ్ వంక చూశారు.

ఐలీన్ గారిని ఇంటి దగ్గర దింపి తిరిగి వస్తుండగా డ్రిస్కాల్ గారు నోరు విప్పారు.

"తుపాకీ గురిపెట్టినవాడికి ఎదురు నిలబడ్డాను నేను. వాణ్ణి ఎలా పట్టుకోవాలో ప్రభుత్వం నాకు నేర్పింది. బండి ఎలా నడపాలో నేర్పింది. ఈ ఒక్క మాట ఎలా చెప్పాలో ఎవడూ నేర్పలేదు."

"నేర్పితే నేర్చుకుంటారా?"

"నేర్పేవాళ్లెవరు?"

ఆ ప్రశ్నను రోవీనా గారు హెలెనాకు వెంట తెచ్చుకున్నారు. మరణవార్తను కుటుంబానికి ఎలా చేరవేయాలో షెరీఫులకు, డిప్యూటీలకు, రేడియో గదులలో పిలుపులు అందుకునే సిబ్బందికి నేర్పే రెండు రోజుల శిక్షణ కోసం ఆమె ఆ శీతకాలంలో ప్రతిపాదన సిద్ధం చేశారు. అప్పటి మన డైరెక్టరు ఫిలిస్ ఆర్నెట్ గారు దానిని చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"వార్త చెప్పడానికి శిక్షణా రోవీనా? శాసనసభలో వాళ్లు నవ్వుతారు."

"నవ్వనివ్వండి మేడమ్. నవ్వాక నిధులు ఇస్తే చాలు."

నవ్వారో లేదో మనకు తెలియదు గాని, నిధులు ఇచ్చారు. అయితే పాఠం ఎవరు చెప్పాలి? పుస్తకాలు తిరగేసినవారు చెప్పగలిగింది కొంతే. రోవీనా గారు మళ్లీ కోల్టర్ కౌంటీకి వెళ్లి, ఐలీన్ గారి వంటింట్లో, ఆనాడు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, వచ్చిన పని చెప్పారు. తిట్టి పంపేస్తుందనే అనుకున్నారు.

ఐలీన్ గారు కిటికీలోంచి గడ్డిమోపుల వైపు చూశారు.

"ఎమ్మెట్ చెడ్డవాడు కాదు తల్లీ. నా మీద జాలిపడే చెప్పలేదు. కానీ ఆ నలభై మైళ్లూ నేను సూప్ గురించి మాట్లాడాను. నా కొడుకు పోయాడని తెలిసి ఉంటే నేను వాడి గురించి మాట్లాడేదాన్ని. ఏడ్చేదాన్ని. ఆ దారి పొడుగునా ఎమ్మెట్‌కి తెలుసు, నీకు తెలుసు, ఆసుపత్రిలో వాళ్లకి తెలుసు. కన్నతల్లిని, నాకొక్కదానికే తెలీదు. ఈ మాట మీ వాళ్లకి చెప్పాలంటే వస్తాను."

మొదటి శిక్షణ 1994 ఫిబ్రవరిలో, ఒక లూథరన్ చర్చి కింది హాలులో జరిగింది. బయట ఒళ్లు కొరికే చలి. లోపల ఆరడుగుల మనుషులు చిన్నపిల్లల కుర్చీలలో ఇరుక్కుని కూర్చున్నారు. వంటగది తలుపునే ఇంటి తలుపు అనుకోమన్నారు రోవీనా గారు. ఒక్కొక్కరు వచ్చి తట్టాలి, లోపలున్నవారికి వార్త చెప్పాలి. ఫోనులో చెప్పకండి, వెళ్లి చెప్పండి, ఒంటరిగా వెళ్లకండి, పేరు పలకండి, చుట్టూ తిప్పకండి, "దక్కలేదు" అనీ "మన మధ్య లేరు" అనీ కాకుండా చనిపోయారనే మాటనే వాడండి, వారి మనిషి ఎవరైనా వచ్చేదాకా కదలకండి. వినడానికి ఎంత తేలికో, తలుపు తట్టి నిలబడ్డాక అంత కష్టం. నలుగురిని ఒంటి చేత్తో జైలుకు ఈడ్చిన ఒక డిప్యూటీ ఆ తలుపు ముందు నీళ్లు నమిలి, "నన్ను తుపాకీ శిక్షణకి పంపేయండి మేడమ్, అదే నయం" అని వేడుకున్నాడు. మరొకరు ఎదుటివారి పేరు అడగడం మరిచి వార్తంతా అప్పజెప్పేశాక, "నువ్వు పక్కింటికి వచ్చావు నాయనా" అని లోపలినుంచి జవాబు రావడంతో హాలంతా గొల్లున నవ్వింది.

డ్రిస్కాల్ గారు ఆ రెండు రోజులూ మొదటి వరుసలోనే కూర్చున్నారు. మొదటిరోజు లేవలేదు. రెండవరోజు మధ్యాహ్నం అందరి వంతూ అయ్యాక, ఐలీన్ గారు తానే వెళ్లి వంటగదిలో నిలబడి, తలుపు వేసుకున్నారు. ఆమె ఎవరికోసం ఎదురుచూస్తున్నారో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆపాలా, వద్దా అని రోవీనా గారు తేల్చుకునేలోగా డ్రిస్కాల్ గారు లేచి, టోపీ కుర్చీలో పెట్టి, వెళ్లి తలుపు తట్టారు.

"ఐలీన్, నీకు చాలా చెడ్డ వార్త తెచ్చాను. రస్ చనిపోయాడు. గులకరాళ్ల రోడ్డు మీద బండి బోల్తా పడింది. నేను వెళ్లి చూశాను, వాడు రస్సే. నేనెక్కడికీ వెళ్లను. నీ దగ్గరే ఉంటాను."

ఐలీన్ గారు ఆయన మోచేయి పట్టుకున్నారు.

"ఇంతే ఎమ్మెట్. ఇంతే చెప్పాల్సింది."

ఆ తరువాత తాను బతికున్నంతకాలం, మోకాళ్లు సహకరించని ఏడు కూడా, ఐలీన్ గారు ప్రతి శిక్షణకూ వచ్చారు. డ్రిస్కాల్ గారే ఆమెను కారులో తీసుకువచ్చేవారు. దారిలో వారిద్దరూ దేని గురించి మాట్లాడుకునేవారో రోవీనా గారు ఎన్నడూ అడగలేదు.

2009లో నిధులు కుదించిన కాలంలో ఈ శిక్షణ మీద కూడా కత్తి వేలాడింది. లెక్కలు చూడవచ్చిన సమీక్షాధికారి యువకుడు, మర్యాదస్తుడు. "ఈ కార్యక్రమం వల్ల నేరాలు ఎంత తగ్గాయి మేడమ్?" అని ఆయన అడిగితే, రోవీనా గారు నిబ్బరంగా, "ఒక్కటీ తగ్గలేదండీ" అన్నారు. పక్కనున్న ఫిలిస్ గారు కళ్లు మూసుకున్నారు.

"మరి దేనికి పనికొచ్చినట్టు?"

"ఒక ఆడపిల్లను ఎవడో చంపేశాడనుకోండి. వాళ్ల నాన్న ఏడాది తర్వాత కోర్టుకొచ్చి సాక్షిగా బోనెక్కాలి. పోలీసువాళ్లు అడిగినప్పుడల్లా తలుపు తీయాలి. మొదటిరోజు ఆ తలుపు దగ్గర మనం మనుషుల్లా మాట్లాడితే తీస్తాడు. లేకపోతే మొహాన వేస్తాడు. నేను ఆ తలుపుకోసం అడుగుతున్నాను."

నిధులు పూర్తిగా ఆగలేదు, సగానికి తగ్గాయి. తరువాతి రెండేళ్లూ షెరీఫులు ఒకరి బండిలో ఒకరు ఎక్కివచ్చి, చర్చి హాళ్లలో పడకలు వేసుకుని, వంతులవారీగా వండుకుని శిక్షణను నిలబెట్టారు. ఎన్ని గ్రాంట్లు మంజూరు చేసినా పొందలేని గౌరవం అది. 2011లో ఆమె శిక్షణా విభాగానికి అధిపతి అయ్యారు. జైలు సిబ్బందికి ఆత్మహత్యల నివారణ, రేడియో గదిలో కూర్చునేవారికి ఫోనులోనే ప్రాణం నిలిపే పద్ధతులు, గిరిజన పోలీసులతో ఉమ్మడి తరగతులు, ఇవన్నీ ఆమె హయాములో వేళ్లూనుకున్నవే.

2014 ఆగస్టులో జరిగినదానిని ఇక్కడ రాయవచ్చునా అని మేము ఆమెను అడిగాము. "రాయండి. అది కూడా పాఠంలో భాగమే" అన్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం, భర్త లైల్ గారు పనికి వెళ్లి ఉండగా, ఆమె ఇంట్లో జామ్ కోసం అడవి చెర్రీల రసం పొయ్యి మీద మరుగుతోంది. తలుపు తట్టిన చప్పుడయింది. గుమ్మంలో డిప్యూటీ వేడ్ ప్రూయిట్, పక్కన మరొక మహిళా అధికారి. వేడ్ నాలుగేళ్ల కిందట ఆమె తరగతిలో కూర్చున్నవాడే. ఇద్దరిని కలిపి చూడగానే ఆమెకు సగం అర్థమైంది.

"రోవీనా గారూ, చాలా చెడ్డ వార్త. లైల్ గారు చనిపోయారు. ధాన్యం లారీ దించుతుండగా గుండె ఆగిపోయింది. నేను స్వయంగా చూసి వచ్చాను. మేం మీతోనే ఉంటాం."

వీడు ఒక్క మాట కూడా తప్పలేదే అన్నదే తనకు తట్టిన మొదటి ఆలోచన అనీ, ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసిందనీ ఆమె తరువాత చెప్పారు. కుర్చీలో కూలబడ్డారు. వేడ్ ఎదురుగా కూర్చున్నాడు. మౌనంగా ఉండాలి, ఇంట్లో వస్తువులు ముట్టుకోకూడదు, దుఃఖంలో ఉన్నవారిని వదిలి పనులలో పడకూడదు. ఇవి ఆమె రాసిన నియమాలే. కానీ పొయ్యి మీద రసం పొంగుతోంది. వేడ్ అటు చూశాడు, ఆమెను చూశాడు.

"అది ఆపెయ్యమంటారా?"

"ఆపకు. పాడైపోతుంది. కలుపు."

గ్రేట్ ఫాల్స్ పట్టణం నుంచి ఆమె చెల్లెలు వచ్చేదాకా, తుపాకీ నడుముకు ఉండగానే, వేడ్ ప్రూయిట్ ఆ చెర్రీల రసాన్ని కలుపుతూనే నిలబడ్డాడు. మహిళా అధికారి ఆమె చేయి వదలలేదు. ఆ గరిట చప్పుడు వింటూ, ఇల్లు ఇంకా నడుస్తూనే ఉందనే భరోసాతో, ఆమె ఏడవగలిగారు. సీసాలలోకి పోశాక వేడ్ చేతులు మణికట్టు దాకా ఊదారంగు. చక్కెర వేయడం మాత్రం మరిచిపోయాడు. ఆ సీసాలలో కొన్ని మన కార్యాలయానికి వచ్చాయి. రొట్టె మీద రాసుకుని తిన్నవారెవరూ పులుపు గురించి నోరెత్తలేదు. ఆవిడే, "లైల్ ఉంటే మొహం మీదే చెప్పేవాడు" అని నవ్వి, ఆ వెంటనే లేచి కిటికీ దగ్గరకు వెళ్లిపోయారు.

ఆ శీతకాలం మొదలవగానే ఆమె తరగతికి తిరిగి వచ్చి, తాను రాసిన నియమాన్ని తానే కొట్టివేశారు. "ఇంట్లోవాళ్లు సగంలో వదిలేసిన పని ఏదైనా ఉందేమో అడగండి. చెయ్యమంటే చెయ్యండి. నేను ఇరవై ఏళ్లు మీకు ఇది తప్పు చెప్పాను" అని డిప్యూటీల ముందు నిలబడి పలికారు. అప్పటినుంచి మన రాష్ట్రంలో డిప్యూటీలు కోళ్లకు మేత వేశారు, దూడకు పాలు పట్టారు, ఒక ఇంట్లో సగం కట్టిన పుట్టినరోజు బెలూన్లను, ఆ ఇంటి తండ్రి కోరిక మీద, ఒక్కొక్కటిగా విప్పారు. ఏ నివేదికలోనూ వీటికి గడి లేదు.

ఈ మార్చిలో జరిగిన శిక్షణను తొలిసారి వేడ్ ప్రూయిట్ గారే నిర్వహించారు. రోవీనా గారు చివరి వరుసలో విద్యార్థినిగా కూర్చున్నారు. రెండు రోజులూ నోరు మెదపలేదు. ముగింపులో "సందేహాలేమైనా ఉన్నాయా?" అని ఆయన అడిగితే చేయెత్తారు. హాలంతా వెనక్కు తిరిగింది.

"పాఠం బావుంది వేడ్. కాఫీ మాత్రం నీళ్లలా ఉంది. వచ్చే ఏడు గ్రాంటులో అది కూడా రాయి."

జూన్ నెలాఖరుతో ఆమె మననుంచి సెలవు తీసుకుంటున్నారు. ఏం చేయబోతున్నారని అడిగితే, పాతదే అయినా గట్టిదైన ఒక ప్రయాణపు బండిని, లోపల మంచం, పొయ్యి ఉన్నదాన్ని, కొనుక్కున్నానని చెప్పారు. సొంత పొలాలు కూడా చూసుకునే షెరీఫులకు పొలం పని లేని నెలలలోనే తీరిక కనుక మన శిక్షణలన్నీ శీతకాలంలోనే జరిగాయి; యాభై ఆరు కౌంటీలనూ ఎరిగిన ఆవిడ వాటిలో చాలావాటిని మంచు కిందనే చూశారు. "ఆ నేల ఏ రంగో నాకు తెలీదు. ఈసారి వేసవిలో చూస్తాను" అన్నారు.

తన మాటతో ఎన్నో ఇళ్ల గుమ్మాలలో మనుషుల గౌరవాన్ని నిలిపిన రోవీనా స్టెన్‌బెర్గ్ గారికి సంపూర్ణ ఆరోగ్యమూ, దీర్ఘమైన ఆయుష్షూ, కంటికి నిద్రా, కాళ్లకు సత్తువా కలగాలని సహోద్యోగులమందరమూ మనసారా కోరుకుంటున్నాము. ఎవరికీ నివేదిక సమర్పించనవసరం లేని ఆ ప్రయాణంలో, గోధుమ పచ్చగా ఉన్నప్పుడు తూర్పు మైదానాలూ, మంచు కరిగాక కొండవాగులూ ఆవిడ కంటపడాలి. నచ్చిన చోట బండి ఆపి, ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చునే తీరిక ఆవిడకు దక్కాలి.